పాత డెస్క్‌టాప్ దానంతటదే ఆరిపోతోంది: బాగు చేయాలా, భాగాలు మార్చాలా?

#1 పాతపెట్టె

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది. కోర్ ఐ3-2100 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్, పేరూ ఊరూ లేని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా), విండోస్ 10. కొని పన్నెండేళ్లు దాటింది.

బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. వీడియో పెట్టి ఇరవై నిమిషాలు చూస్తే టప్పున ఆరిపోతుంది. వెంటనే బటన్ నొక్కితే వెలిగి మళ్లీ ఆరుతుంది, పది నిమిషాలు వదిలేస్తే మామూలుగా లేస్తుంది. రాత్రి ప్లగ్ తీసేసి పొద్దున పెడితే తేదీ 2011 జనవరి 1 చూపిస్తుంది, బ్రౌజర్ ఏ సైటు తెరిచినా నమ్మదగినది కాదంటుంది. ర్యామ్ కోసం ఉన్న రెండో స్లాట్ పని చేయదు. స్టిక్‌ను అందులోకి మారిస్తే పొడవాటి బీప్‌లు తప్ప ఏమీ రాదు.

నా ఆలోచన: 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని వేగమైన డిస్క్), 8 జీబీ ర్యామ్, ఐ5-3470 ప్రాసెసర్. జాబితా సిద్ధంగా ఉంది. ఏమైనా సవరణలు ఉంటే చెప్పండి, ఈ వారమే తెప్పించుకుంటాను.

#2 మెరుపు_77

ఎస్‌ఎంపీఎస్ పోయింది, ఇందులో ఆలోచించడానికి ఏముంది? పేరు లేనివాటి మీద 450 అని రాసినంత మాత్రాన 450 వాట్లు ఇవ్వవు. మంచి కంపెనీది ఒకటి కొని పెట్టండి, అన్నీ సర్దుకుంటాయి. మిగతా జాబితా బాగుంది.

#3 తీగలపెద్దాయన

పాతపెట్టె గారూ, ఆ జాబితాను కొన్నాళ్లు జేబులోనే ఉంచండి. జ్వరంతో ఉన్న మనిషికి ముందు జ్వరం తగ్గించాలి, కొత్త బట్టలు తరవాత కుట్టించవచ్చు. మీరు కొత్త ప్రాసెసర్, కొత్త ర్యామ్, కొత్త డిస్క్ అన్నీ ఒకేసారి బిగించాక కూడా పెట్టె ఆరిపోతే, తప్పు పాతవాటిదో కొత్తవాటిదో ఎలా తేలుస్తారు? ఒకసారికి ఒక్క మార్పే. అది చేశాక వాడి చూడాలి, ఆ తరవాతే రెండోది.

మీరు రాసినవాటిలో తేదీ సంగతి తేలిక. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్ అయిపోయింది. కొత్తది 3 వోల్టులు ఇస్తుంది, మీది ఎంతో తక్కువలో ఉండి ఉంటుంది. దాన్ని ముందు మార్చండి.

ఆరిపోవడం గురించి మూడు ప్రశ్నలు. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సాఫ్ట్‌వేర్) వెళ్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోంది? ఈ జబ్బు ఎప్పుడు మొదలైంది? అది మొదలవడానికి ముందు క్యాబినెట్ ఎవరైనా తెరిచారా? మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికి జనం మొహమాటపడతారు. మొహమాటం వద్దు.

ఈ పరీక్షలన్నిటికంటే ముందు, డిస్క్‌లోని ఫోటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేయండి. ఎప్పుడుపడితే అప్పుడు కరెంటు తెగే యంత్రంలో డిస్క్ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

#4 సున్నా_ఒకటి

కాపీ అయ్యాక డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదిక చూడండి, ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. అందులో వరుసలు బోలెడు కనిపిస్తాయి కానీ మీకు కావలసినవి నాలుగే. 5వ వరుస పాడైపోయి బదులు చోటు ఇచ్చిన సెక్టార్ల (డిస్క్‌లో డేటా రాసే చిన్న గళ్ల) లెక్క. 197 చదవలేక పక్కన పెట్టి ఇంకా తేల్చుకోని సెక్టార్లు. 198 ఎంత ప్రయత్నించినా చదవలేనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. 199 మాత్రం డిస్క్ తప్పు కాకపోవచ్చు. అది డిస్క్‌కు, బోర్డుకు మధ్య ప్రయాణంలో చెడిన డేటా లెక్క, చాలాసార్లు సాటా కేబుల్ మారిస్తే పెరగడం ఆగుతుంది. ఆగుతుందంటే తగ్గుతుందని కాదు. ఆ అంకె ఎప్పటికీ వెనక్కి రాదు, అది చూసి భయపడకండి.

#5 పాతపెట్టె

డేటా మొత్తం బయటి డిస్క్‌లోకి తీశాను, నాలుగు గంటలు పట్టింది. 5వ వరుస సున్నా. 197లో 16. 198 సున్నా. 199లో 340.

బయోస్‌లోకి వెళ్లగానే ప్రాసెసర్ 74 డిగ్రీలు ఉంది. చూస్తుండగానే 81 అయింది.

జబ్బు సుమారు రెండేళ్లుగా ఉంది. సెల్ ఇంకా తీసుకోలేదు, మిగతా సరుకుతో కలిపి తెప్పిద్దామని.

#6 తీగలపెద్దాయన

197లో పదహారు అంటే డిస్క్ చావలేదు కానీ నమ్మకం పోయింది. ఆ సెక్టార్ల మీద మళ్లీ రాస్తే కొన్ని బాగవుతాయి, కొన్ని 5వ వరుసలోకి చేరతాయి. దాన్ని ఇక సినిమాలు దాచుకోవడానికే వాడండి, కాగితాలకు వద్దు.

బయోస్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్ విశ్రాంతి స్థితుల్లోకి వెళ్లదు, అందుకే విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. అలా అనుకున్నా 65 వాట్ల ప్రాసెసర్ ఏ పనీ లేకుండా 81కి చేరడం సహజం కాదు. మీ మూడో జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

#7 మెరుపు_77

వేడి ఉంటే నిదానిస్తుంది, టప్పున ఆరదు. టప్పున ఆరేది ఎస్‌ఎంపీఎస్సే. నా దగ్గర మూడు యంత్రాలకు ఇదే జరిగింది, మూడింటికీ మందు ఒకటే.

#8 తీగలపెద్దాయన

మెరుపు గారూ, మీ మూడు యంత్రాల మీద నాకు గౌరవం ఉంది. కానీ వేడికి రెండు మెట్లున్నాయి. నూరు డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది. ఈ తరం ఐ3 అయితే 3.1 గిగాహెర్ట్జ్ నుంచి 1.6కి దిగుతుంది. అంత తగ్గినా వేడి పెరుగుతూనే ఉంటే తనను తాను కాపాడుకోవడానికి కరెంటు కోసేయమని బోర్డుకు సంకేతం పంపుతుంది. అప్పుడు టప్పుమనడమే. పది నిమిషాలు చల్లారాకే లేవడం కూడా దీనికే సరిపోతుంది.

అయినా ఊహలెందుకు, కొలిస్తే పోతుంది. పాతపెట్టె గారూ, మల్టీమీటర్ దొరుకుతుందా? పచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరుగుతోందని తృప్తిపడే పరీక్ష ఒకటుంది. అది ప్రాణం ఉందని చెబుతుంది, బలం ఉందని చెప్పదు. మీరు యంత్రం నడుస్తుండగా కొలవండి. వాడకుండా వేలాడే నాలుగు రంధ్రాల పవర్ కనెక్టర్‌లో నల్ల తీగకు మీటర్ నల్ల ముల్లు, పసుపు తీగకు ఎర్ర ముల్లు. ముళ్లు ఒకదానికొకటి తగలకూడదు. పసుపులో 11.4 నుంచి 12.6 మధ్య, ఎర్ర తీగలో 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, వీడియో నడుస్తుండగా ఒకసారి చూడండి. దాంతోపాటు ఉష్ణోగ్రత, ప్రాసెసర్ వేగం చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి పెట్టుకోండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు.

#9 కోర్2భక్తుడు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది కోర్2 డ్యుయో ఈ8400, జీ41 బోర్డు. దీనిలో విండోస్ 11 తాజా రూపం ఏదో ఉపాయంతో ఎక్కించవచ్చని ఎక్కడో చదివాను. రెండు రోజులుగా ప్రయత్నిస్తున్నాను, లోగో కూడా రావడం లేదు. ర్యామ్ పెంచితే వస్తుందా?

#10 సున్నా_ఒకటి

ర్యామ్ ఎంత పోసినా రాదు. విండోస్ 11 24హెచ్2 రూపం నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు ఉండి తీరాలి. మీ ఈ8400లో ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకే ఉంది. ఉపాయాలన్నీ తనిఖీలను దాటించేవి, లేని ఆదేశాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చేవి కావు.

#11 వేదిక_నిర్వహణ

కోర్2భక్తుడు గారూ, మీ యంత్రానికి విడిగా చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ ఇద్దరు రోగులకు ఒకే మందుల చీటీ అవుతోంది.

#12 పాతపెట్టె

మీటర్ పక్కింటివారి దగ్గర దొరికింది. ఖాళీగా ఉన్నప్పుడు పసుపు 12.11, ఎరుపు 5.06. వీడియో పెట్టాక పసుపు 11.97, ఎరుపు 5.03. పదిహేనో నిమిషంలో ప్రాసెసర్ 97 డిగ్రీలకు వెళ్లింది, వేగం 1.6కి పడిపోయింది. బొమ్మ తడబడటం మొదలైంది. ఇంకో మూడు నిమిషాలకు ఆరిపోయింది. ఆరే ముందు క్షణం దాకా మీటర్ 11.9 కిందికి దిగలేదు.

ఇక మూడో ప్రశ్న. రెండేళ్ల కిందట మా తమ్ముడు లోపల దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి దాటించే ముద్ద) వేశాడు. మంచికే చేశాడు కదా అని మొదటి పోస్టులో రాయలేదు.

#13 తీగలపెద్దాయన

రాసి ఉంటే పది పోస్టులు మిగిలేవి! సరే, అందరం చేసేదే.

ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి. ఇప్పుడు తమ్ముడిని ఒక్క మాట అడగండి: హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) బిగించినప్పుడు టిక్కుమనే చప్పుడు ఎన్నిసార్లు వినిపించింది? కాలికి ఒకటి చొప్పున నాలుగు రావాలి. మూడే వచ్చి ఉంటాయని నా అనుమానం.

ఎందుకంటే మీ రెండో స్లాట్ సంగతి కూడా ఇక్కడికే వస్తోంది. కోర్2 కాలంలో ర్యామ్‌ను నడిపే భాగం బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. మీ తరంలో అది ప్రాసెసర్ లోపలే ఉంది. హెచ్61లో రెండు స్లాట్లకు రెండు వేర్వేరు దారులు, రెండూ నేరుగా ప్రాసెసర్ అడుగున ఉన్న బిందువుల దగ్గరికే వెళ్తాయి. ఈ సాకెట్‌లో సన్నని స్ప్రింగుల్లాంటి పిన్నులు 1155 ఉంటాయి, ప్రాసెసర్ వాటి మీద సమానమైన ఒత్తిడితో కూర్చోవాలి. హీట్‌సింక్ ఒక మూల లేచి ఉంటే, ఒక పక్క వేడి పోదు, ఒక పక్క కొన్ని పిన్నులు సరిగ్గా ఆనవు. ఒక ర్యామ్ దారి మూగబోతుంది. పిన్ వంగినా, సాకెట్‌లో పేస్ట్ పడినా ఇదే లక్షణం. స్లాట్ పాడైందని బోర్డు పారేసినవాళ్లను ఇద్దరిని చూశాను.

ప్లగ్ తీసి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టండి. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకోండి. టార్చ్ వేసి హీట్‌సింక్ నాలుగు కాళ్లూ చూడండి, విప్పడానికి ముందే ఫోటో తీయండి.

#14 పాతపెట్టె

ఫోటో పెట్టాను, మీరే చూడండి. ర్యామ్ వైపు పై మూల కాలు. మిగతా మూడు నల్ల తలలు బోర్డుకు ఆనుకుని ఉన్నాయి, ఇది మాత్రం గోరంత ఎత్తులో తేలుతోంది. వేలితో నొక్కితే కిందికి పోయి, వదలగానే పైకి వచ్చేస్తోంది. తల మీది బాణం కూడా మిగతా మూడింటికి ఎదురు దిక్కులో ఉంది.

విప్పి చూస్తే పేస్ట్ అచ్చు ప్రాసెసర్ మీద సగానికే పడింది. ఒక పక్క పలుచగా, ఎండిపోయి పొలుసులు లేస్తోంది. ఎదుటి పక్క వేసిన ముద్ద వేసినట్టే ఉంది, హీట్‌సింక్ దాన్ని తాకనే లేదు. రెండేళ్లు సగం ప్రాసెసర్‌తోనే సంసారం చేశామన్నమాట.

తమ్ముడికి చూపించాను. "టిక్కులు లెక్కపెట్టాలని ఎవరు చెప్పారు?" అన్నాడు.

#15 తీగలపెద్దాయన

తమ్ముడి ప్రశ్న న్యాయమైనదే.

పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దారాలు వదలని గుడ్డతో తుడవండి. ప్రాసెసర్ ఒకసారి ఎత్తి సాకెట్ పిన్నుల వరుసలను పక్క నుంచి వెలుతురు వేసి చూడండి, తాకవద్దు. వరుసగా మెరవాలి. ఎక్కడైనా మెరుపు తప్పితే అక్కడ పిన్ వంగిందని అర్థం. బాగుంటే ప్రాసెసర్ పెట్టి మధ్యలో అగ్గిపుల్ల తలంత పేస్ట్ చాలు.

కాళ్ల తలలను మొదట సవ్య దిశలో చివరిదాకా తిప్పి పెట్టండి. అపసవ్య దిశ ఊడదీయడానికి. మీ తమ్ముడు ఒక తలను ఊడదీసే దిశలో ఉంచి నొక్కాడు, అది ఎన్నిసార్లు నొక్కినా నిలవదు. తరవాత ఎదురెదురు మూలలు జంటగా నొక్కాలి, పక్కపక్కవి కాదు. బోర్డు వంగుతుందేమోనని భయం వేస్తుంది, ఈ బిగింపులో అది మామూలే. నాలుగు టిక్కులు విన్నాక కూడా, వీలైతే బోర్డు వెనక నుంచి చూడండి. తెల్ల ప్లాస్టిక్ చీలికలు నాలుగు చోట్లా విచ్చుకుని, మధ్యలో నల్ల పుల్ల పూర్తిగా దిగి ఉండాలి.

#16 పాతపెట్టె

పిన్నులు అన్నీ బాగున్నాయి. నాలుగు టిక్కులు. తమ్ముడే లెక్కపెట్టాడు.

బయోస్‌లో 41 డిగ్రీలు. గంటన్నర వీడియో నడిపితే 58 దాటలేదు. ర్యామ్ స్టిక్‌ను రెండో స్లాట్‌లోకి మార్చాను, మామూలుగా లేచింది! ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా వదిలేశాను, ఒక్క తప్పు లేదు.

సాటా కేబుల్ కూడా మార్చాను. 199 ఇంకా 340 దగ్గరే ఉంది.

#17 మెరుపు_77

ఒప్పుకుంటున్నాను, నాది తొందరపాటు. అయినా ఆ ఎస్‌ఎంపీఎస్ వయసు పన్నెండేళ్లు. లోపలి కెపాసిటర్లు ఎండిపోతూ ఉంటాయి. ఎప్పటికైనా గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఉద్దేశం ఉంటే అప్పుడు మార్చాల్సిందే. ఈ మాట వెనక్కి తీసుకోను.

#18 తీగలపెద్దాయన

ఆ మాటకు నేనూ తోడు. స్లాట్ నుంచి 75 వాట్లలోపు తీసుకునే చిన్న కార్డైతే నడిచిపోతుంది, అంతకు మించితే కొత్తది కావాలి.

#19 రెండోచెయ్యి

ఇప్పుడు నా వంతు. వాడిన భాగాలు కొనడంలో చేయి కాలినవాడిని. ర్యామ్ కొనే ముందు స్టిక్కర్ చదవండి. పీసీ3-12800 తరవాత యూ అక్షరం ఉంటే మీకు పనికొస్తుంది. ఆర్ ఉంటే అది సర్వర్లకు చేసింది, మీ బోర్డు ముట్టదు. 1600 వేగం అని రాసి ఉన్నా ఐ3-2100తో 1333లోనే నడుస్తుంది, దాని గురించి బెంగ వద్దు. 8 జీబీ ఒకటి కంటే 4 జీబీవి రెండు మేలు, రెండు దారులూ వాడుకుంటాయి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు కాబట్టి దానికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

#20 పాతపెట్టె

అయ్యో, మీరు రెండు రోజుల ముందు రాసి ఉంటే! 8 జీబీ ఒకటి నిన్ననే వచ్చింది. పెడితే మళ్లీ ఆ పొడవాటి బీప్‌లే. రెండు స్లాట్లలోనూ. పాత స్టిక్ పెడితే లేస్తోంది. హీట్‌సింక్ మళ్లీ విప్పాలా?

#21 రెండోచెయ్యి

హీట్‌సింక్ జోలికి వెళ్లకండి. స్టిక్ మీది నల్ల చిప్పుల పక్కన చిన్న అక్షరాలు చూడండి. లేదా అమ్మినవారి వివరణ మళ్లీ చదవండి. "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని ఎక్కడైనా కనిపిస్తుందా?

#22 పాతపెట్టె

ఉంది. వివరణ అడుగున, బూడిద రంగు అక్షరాల్లో. ర్యామ్‌కు కూడా కులగోత్రాలు ఉంటాయని నాకేం తెలుసు?

#23 రెండోచెయ్యి

ఉంటాయి మరి. మామూలు 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లో చిప్పులు పదహారు, ఒక్కొక్కటి 8 బిట్ల వెడల్పు, స్టిక్కర్ మీద 2ఆర్×8 అని ఉంటుంది. కొందరు 4 బిట్ల వెడల్పు చిప్పులతో చవకగా చేసి అమ్ముతారు. ఆ అమరికను కొన్ని ఏఎండీ మెమరీ నియంత్రకాలు అర్థం చేసుకుంటాయి, ఇంటెల్‌వి చేసుకోవు. బోర్డూ బాగుంది, స్టిక్కూ బాగుంది, రెండింటికీ భాష కలవలేదు. తిరిగి ఇచ్చేసి 4 జీబీవి రెండు తీసుకోండి. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అయినా సరే, ప్రామాణికంగా చేసినదైతే 1.5 వోల్టుల్లోనూ నడుస్తుంది.

#24 సున్నా_ఒకటి

ఎస్‌ఎస్‌డీ సంగతి నేను చూస్తాను. హెచ్61లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే, 6 కాదు. అందువల్ల డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని ఉన్నా మీకు 270 దగ్గర ఆగుతుంది. దానికోసం విడిగా కార్డు కొనమని ఎవరైనా అంటే వినకండి. మీ యంత్రం నత్తనడక నడిచేది పెద్ద ఫైలు కాపీ కావడంలో కాదు, వేలాది చిన్న ముక్కలు వెతకడంలో. హార్డ్ డిస్క్‌లో తల కదిలి ముక్క దొరకడానికి పది మిల్లీసెకన్ల పైన పడుతుంది, ఎస్‌ఎస్‌డీలో అందులో నూరో వంతు. మీకు తెలిసే మార్పంతా అదే. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ (సాటాకు బదులు పీసీఐఈ దారిలో నడిచేది) మాత్రం తీసుకోకండి, ఈ బోర్డు దాని నుంచి బూట్ కాదు.

పాత డిస్క్‌ను యథాతథంగా కాపీ చేసే ముందు బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఐడీఈ ఉందా, ఏహెచ్‌సీఐ ఉందా చూడండి. ఐడీఈ ఉంటే నేరుగా మార్చకండి, విండోస్ నీలి తెర చూపిస్తుంది. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేస్తే సరైన డ్రైవర్ దానంతటదే కుదురుకుంటుంది. తరవాత ఆ టిక్ తీసేయండి.

#25 పాతపెట్టె

మీరు చెప్పినట్టే చేశాను. ఐడీఈలో ఉండేది, మార్చాను, ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేశాను. కొత్త ర్యామ్ రెండూ వచ్చాయి, 8 జీబీ చూపిస్తోంది. ఇది నా యంత్రమేనా అని రెండుసార్లు క్యాబినెట్ వైపు చూశాను. ఒకటిన్నర నిమిషం పట్టే బూట్ ఇరవై సెకన్లలో అయిపోతోంది.

#26 పాతపెట్టె

తొందరపడి సంబరపడ్డాను. ఈ ఉదయం నీలి తెర. బూట్ పరికరం అందడం లేదని, 7బీ అనే సంఖ్య. నిన్న రాత్రి దాకా బాగుంది. ఎస్‌ఎస్‌డీ మూడు రోజులకే పోయిందా? మార్పిడి కోసం రాయమంటారా?

#27 తీగలపెద్దాయన

రాయకండి. బయోస్‌లోకి వెళ్లి తేదీ ఎంతో చెప్పండి.

#28 పాతపెట్టె

2011 జనవరి 1.

అర్థమైంది. సెల్.

#29 సున్నా_ఒకటి

అదే! ప్లగ్ తీయగానే బయోస్ తన అమరికలన్నీ మరచిపోయి, పుట్టినప్పటి స్థితికి వెళ్తోంది. మీ బోర్డులో పుట్టినప్పటి సాటా మోడ్ ఐడీఈ. విండోస్ ఇప్పుడు ఏహెచ్‌సీఐకి అలవాటుపడింది. పొద్దున లేచేసరికి కింద నేల మారిపోయింది. ఇప్పటికి ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేస్తే లేస్తుంది, కానీ రేపు మళ్లీ ఇదే తంతు.

#30 తీగలపెద్దాయన

మూడో పోస్టులో చెప్పిన పని, ఇరవై తొమ్మిదో పోస్టు దాకా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

#31 పాతపెట్టె

తిట్టండి, పడతాను. సెల్ మార్చాను. పాతదాన్ని మీటర్‌తో చూస్తే 1.2 వోల్టులు ఉంది. రాత్రి ప్లగ్ తీశాను, పొద్దున తేదీ సరిగ్గా ఉంది, నీలి తెర లేదు.

ఇక మిగిలింది ఐ5-3470.

#32 రెండోచెయ్యి

దాని దగ్గర ఒక గోతి ఉంది. 3470 మూడో తరం, మీ బోర్డు రెండో తరంతో పుట్టింది. బయోస్ కొత్తది ఎక్కించకపోతే ప్రాసెసర్ పెట్టాక తెర వెలగదు. ఆ బయోస్ ఎక్కించడం పాత ఐ3 బోర్డులో ఉండగానే జరగాలి. కొన్ని బోర్డులకు మధ్యలో ఒక మెట్టు బయోస్ కూడా కావాలి, తయారీదారు పేజీలో ప్రాసెసర్ల పట్టిక ఎదుట ఏ సంఖ్య కావాలో ఉంటుంది. కరెంటు పోయే వేళల్లో ఆ పని పెట్టుకోకండి.

ఈ తంటా వద్దనుకుంటే ఐ5-2400 తీసుకోండి. రెండో తరమే, నాలుగు కోర్లే. కాకపోతే 3470 77 వాట్లు అయితే ఇది 95. ఐ3తో వచ్చిన చిన్న హీట్‌సింక్ దీనికి చాలదు.

#33 తీగలపెద్దాయన

పట్టిక చూసి, మీ బోర్డు పేరు అక్కడ ఉంటే 3470 పెట్టండి, లేకపోతే మానేయండి. కానీ అసలు కావాలా? వారం రోజులు ఇలాగే వాడండి. ప్రాసెసర్ వాడకం నూటికి నూరు ఎప్పుడెప్పుడు తాకుతుందో చూడండి. ఎప్పుడూ తాకకపోతే ఐ5 పెట్టినా మీకు తేడా కనపడదు.

#34 పాతపెట్టె

వారం చూశాను. హై డెఫినిషన్ వీడియోల దగ్గర మాత్రమే నూరు తాకుతోంది. టైపింగ్, బ్రౌజింగ్‌లో ముప్పై దాటలేదు.

#35 సున్నా_ఒకటి

ఆ వీడియోలు వీపీ9 అనే కుదింపు పద్ధతిలో వస్తున్నాయి. మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు హెచ్.264 విప్పడం వచ్చు, వీపీ9, ఏవీ1 రావు. దాంతో భారమంతా కోర్ల మీద పడుతోంది. హెచ్.264 మాత్రమే అడిగేలా చేసే చిన్న బ్రౌజర్ పొడిగింపులు ఉన్నాయి. వేసి చూడండి. 1080 వరకు హాయిగా నడుస్తుంది.

ఇంకో మాట. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది. మీరు 3470 పెట్టినా ఆ గీత దాటరు. బ్యాంకు పనులకు ఈ యంత్రం వాడేటట్టయితే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్‌కు బదులు వాడే ఉచిత, తేలికైన వ్యవస్థ) యూఎస్‌బీలో వేసుకుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే రెండు రోజులు నడిపి చూడండి. ప్రింటర్, స్కానర్ పలుకుతాయో లేదో అక్కడే తేలిపోతుంది.

#36 పాతపెట్టె

పొడిగింపు వేశాను. అదే వీడియోకి ప్రాసెసర్ వాడకం 25 దగ్గర నిలిచింది. ఐ5 కొనడం మానుకున్నాను.

మింట్ యూఎస్‌బీ నుంచి నడుస్తోంది, ఇది అందులోంచే రాస్తున్నాను. ప్రింటర్ పలికింది, స్కానర్ ఇంకా అలిగి ఉంది. దానికి వేరే చర్చ మొదలుపెడతాను, నిర్వహణవారు కేకలు వేయకముందే.

#37 కోర్2భక్తుడు

నాకు విడిగా చర్చ మొదలుపెట్టమన్నారు కదా, పెట్టాను. ఇక్కడ ఒక్క ముక్క చెప్పి పోతాను. ఇదంతా చదివి నా హీట్‌సింక్ కాళ్లు చూసుకున్నాను. నాలుగూ ఉన్నాయి. ఫ్యాన్ తీగ మాత్రం బోర్డుకు గుచ్చి లేదు.